సినిమా లోహి, సీరియల్ లోహి

లోహి వేషంలో ఉన్న మనిషికి కనబడే ప్రపంచం రెండు వేళ్ళ వెడల్పు. కళ్ళ దగ్గర నల్లటి జాలీ ఒకటి, అంతే. కాళ్ళ కింద ఏముందో తెలియదు, పక్కన ఎవరున్నారో తెలియదు. అందుకే రిహార్సల్ మొదటి రోజున ఆ వేషం తొడుక్కున్న అమ్మాయి ఉత్సాహంగా పరుగెత్తుకుంటూ వచ్చి, ఫ్లోర్ మధ్యలో కుర్చీ వేసుకుని కూర్చున్న ఒక మనిషి ఒళ్ళో సగం, నేల మీద సగం పడింది.

"చూసుకుని నడవొచ్చు కదండీ," అంది లోపలినుంచే, తప్పు తనదైనా.

"నేను నడవలేదు. కూర్చున్నాను," అన్నాడతను.

"అయితే చూసుకుని కూర్చోవాలి."

"ఈసారి అడిగి కూర్చుంటాను. ముందు నా పాదం మీద నుంచి లేస్తే."

ఆమె లేవబోయింది. లోహి చేతులు మోచేతుల దగ్గర వంగవు. వెల్లకిలా పడ్డ తాబేలులా అటూ ఇటూ ఊగింది. అతను నవ్వు ఆపుకుంటూ ఆమె భుజాలు పట్టుకుని నిలబెట్టాడు.

"ఎవరండీ మీరు?"

"నీకంటే ముందు ఇందులో ఉన్నవాణ్ణి," అన్నాడు.

జాలీలోంచి అప్పుడు చూసింది అతన్ని సరిగ్గా. ముప్ఫై దాటి రెండు మూడేళ్ళు ఉంటాయేమో. పొడుగ్గా, కాస్త వంగినట్టుగా ఉన్నాడు. ఎవరో తెలిశాక నాలుక కరుచుకుంది. లోహి తలలో ఉంది కాబట్టి ఆ సంగతి ఎవరికీ తెలియలేదు.

నాలుగేళ్ళ కిందట వచ్చిన ఒక సినిమాలో పుట్టాడు లోహి. వేరే గ్రహం మీద, గనిలో పనిచేసే ఇనుప మనిషి. మాట రాదు. తుప్పు రంగు. సినిమా మొత్తంలో కనబడేది ఇరవై రెండు నిమిషాలే. చివర్లో గని కూలిపోతుంటే కార్మికులందరినీ బయటికి పంపి, తను మాత్రం లోపలికి నడిచి వెళ్ళి కప్పుకి భుజం ఆనిస్తాడు. ఛాతీలో దీపం ఆరిపోతుంది. వెళ్ళేటప్పుడు ఒక్కసారి కూడా వెనక్కి తిరిగి చూడడు. ఆ చివరి నడక చూసి హాళ్ళలో మగవాళ్ళు కూడా కర్చీఫులు తీశారు. ఆ వేషం లోపల నడిచిన మనిషి పేరు మాత్రం తెర మీద అన్నిటికంటే చివర, చిన్న అక్షరాల్లో వచ్చి వెళ్ళిపోయింది.

ఇప్పుడు ఆ లోహిని సీరియల్‌కి తెచ్చారు. గనిలోంచి తవ్వి తీశారు, వెండి రంగు వేశారు, మాటలు నేర్పారు, తల్లి లేని ఇద్దరు పిల్లలున్న ఇంట్లో పనికి పెట్టారు. ఇంటి గుమ్మాల్లో పట్టాలి కాబట్టి ఒక అడుగు కుదించారు కూడా. ఆ కుదించిన లోహిలోకి దూరడానికి ఐదడుగుల మనిషి కావలసి వచ్చి, ఆరేళ్ళుగా గ్రూప్ డాన్సుల్లో వెనక వరసలో ఎగురుతున్న ఈ అమ్మాయిని పట్టుకొచ్చారు. యూనిట్‌లో అందరూ ఆమెని పిచ్చుక అనేవాళ్ళు. నడక నేర్పడానికి పిలిపించిన అతన్ని మాస్టారు అనేవాళ్ళు.

"లోహి ఎక్కడికీ వెళ్ళాలనుకోడు," అని మొదలుపెట్టాడు మాస్టారు. "ఎక్కడికి వెళ్ళాలో ఎవరో చెప్పి ఉంటారు. అందుకే తొందర ఉండదు. మడమ ముందు పడాలి, తర్వాత బరువు, ఆ తర్వాతే రెండో కాలు."

"ఈ లోహి స్టవ్ మీద పాలు పొంగుతుంటే వెళ్ళి ఆపాలి మాస్టారూ. తొందర ఉంటుంది."

"పాలు పొంగనీ."

"డైరెక్టర్ ఒప్పుకోడు. ఆ తర్వాత సీన్ అంతా ఆ పాల మీదే ఉంది."

అతను కాసేపు ఆలోచించాడు. "సరే. మనసు తొందరపడాలి, కాళ్ళు మాత్రం పడకూడదు. అలా చెయ్యి."

ఆమెకి ఆ మాట నచ్చింది. అలాగే చేసింది. స్టవ్ వైపు ఛాతీ ముందుకు వాలుతుంది, కాళ్ళు మాత్రం వెనకే ఉండిపోతాయి. లైట్ల వాళ్ళు పకపకా నవ్వారు. మాస్టారు నవ్వలేదు, తలాడించాడు. ఆమెకి ఆ తలాడింపే చాలనిపించింది.

బ్రేకుల్లో ఆమె లోహి తల తీసి పక్కన పెట్టుకుని, తడి టవల్ మెడకి చుట్టుకుని ప్రశ్నలు వేసేది.

"లోహి వెనక్కి తిరిగి చూడకూడదని ఎందుకనుకున్నారు మాస్టారూ? దాని మీద ఒకాయన పత్రికలో రెండు పేజీలు రాశాడు. యంత్రానికి గతం ఉండదట. అందుకే చూడడట."

"తలని భుజాలకి బోల్టులతో బిగించేశారు. తిరగదు."

"అంతేనా?"

"అంతే. ముక్కు దురద పెట్టినా అంతే."

"మరి ఆయనకి చెప్పలేదా?"

"రెండు పేజీలు రాసినాయన్ని ఎందుకు బాధపెట్టడం."

సినిమా వేషం ముప్ఫై ఎనిమిది కిలోలట. రేకు, ఫైబరు, లోపల ఇనుప చట్రం. తొడిగాక కూర్చోవడం కుదరదు, గోడకి ఆనుకుని నిద్రపోయేవాడట. ఈ సీరియల్ వేషం తొమ్మిది కిలోల స్పాంజి. తల తిరుగుతుంది, వంగుతుంది. నీళ్ళు తాగడానికి నోటి దగ్గర స్ట్రా పెట్టుకునే కన్నం కూడా ఉంది.

"అంటే నాది సుఖమైన లోహి," అంది పిచ్చుక.

"నీది మాట్లాడే లోహి. అది ఇంకా కష్టం."

ఒక రోజు అవుట్‌డోర్‌లో ఉన్నట్టుండి వాన పట్టుకుంది. లోహికి వాన పడదు. స్పాంజి నీళ్ళు పీల్చిందంటే ఆరడానికి రెండు రోజులు, షూటింగ్ బంద్. అందరూ కెమెరాల మీద పట్టాలు కప్పడానికి పరుగెత్తారు. మాస్టారు మాత్రం వెనకనుంచి ఎప్పుడొచ్చాడో, పక్కన నిలబడి పెద్ద గొడుగు లోహి నెత్తిన పట్టాడు. గొడుగు లోహికే సరిపోయింది. అతను ఒక్క నిమిషంలో ముద్దయిపోయాడు.

ఆమె లోపలినుంచి చూస్తూ నిలబడింది. నుదుటి మీద అతుక్కుపోయిన జుట్టు, ముక్కు కొసన ఆగి ఆగి పడుతున్న చినుకు. ఈ వేషంలో ఉన్న సుఖం ఇదొక్కటే. ఎవరినైనా ఎంతసేపైనా చూడొచ్చు, ఎవరికీ తెలియదు.

"చూసింది చాలా?" అన్నాడతను, వాన వైపే చూస్తూ.

లోహి తల గబుక్కున పక్కకి తిరిగింది. "ఎవరు చూస్తున్నారు? నేను వాన చూస్తున్నాను."

"వాన చూసేటప్పుడు నీ తల నిటారుగా ఉంటుంది. నన్ను చూసేటప్పుడు లోహి తల ఎడమవైపుకి కొంచెం వంగుతుంది. రెండు వారాల నుంచి చూస్తున్నాను."

"స్పాంజి బరువుకి వంగిందేమో."

"స్పాంజికి కూడా నేనంటే ఇష్టమేమో," అన్నాడు. అని, అన్నందుకు తనే సిగ్గుపడ్డట్టు గొడుగు ఇంకో చేతికి మార్చుకున్నాడు.

ఆ వంగడం కెమెరాలో కూడా పడింది. సీరియల్ మొదలైన మూడు వారాలకే లోహి తల వంపు అందరి నోళ్ళలోనూ నానింది. పిల్లలు స్కూళ్ళలో అలా తల వంచి ఆడుకుంటున్నారట. సినిమా అభిమానులు మాత్రం మండిపడ్డారు. 'ఇది లోహి కాదు, డబ్బాలో దూరిన పిల్లి' అని ఒకడు రాశాడు. ఆమె దాన్ని మాస్టారికి చదివి వినిపించింది. 'పిల్లి' దగ్గర అతను ఎంత నవ్వాడంటే, కాస్ట్యూమ్ బాబాయ్ చేతిలో గమ్ డబ్బా కింద పెట్టి మరీ చూశాడు. నాలుగేళ్ళలో ఈ మనిషి ఇలా నవ్వగా చూడలేదన్నాడు ఆయన.

పన్నెండో ఎపిసోడ్‌లో లోహి పాత గని గుర్తుచేసుకునే సీన్ పడింది. సినిమాలోని ఆ చివరి నడకని మళ్ళీ నడవాలి. పిచ్చుక ఆ ఒక్క నిమిషాన్నీ ఫోన్‌లో ఆపి ఆపి ఎన్నిసార్లు చూసిందో లెక్కలేదు. ఒక సంగతి పట్టుకుంది. ఎడమ కాలు ప్రతిసారీ ఒక్క క్షణం ఆలస్యంగా వస్తోంది. బొటనవేలు నేలని రాస్తూ వస్తోంది. ఎంత గొప్ప ఆలోచన అనుకుంది. చావబోతున్న యంత్రం ఒక కాలితో ముందుకి పోతుంటే రెండో కాలు ఇక్కడే ఉండిపోతానంటోంది. మాస్టారు ఈ రహస్యం తనకి నేర్పలేదు. తనే కనిపెట్టి చేసి చూపిస్తే ఆశ్చర్యపోతాడనుకుంది.

షాట్‌కి ముందు, యూనిట్ అంతా ఉండగా, వేషం లేకుండానే నడిచి చూపించింది. ఒక కాలు, ఆగి, రాసుకుంటూ రెండో కాలు. అచ్చు దిగింది. అందరూ చప్పట్లు కొట్టారు. "అయ్యబాబోయ్, మాస్టారు నడిచినట్టే ఉంది," అన్నారెవరో.

మాస్టారి ముఖం పాలిపోయింది. కుర్చీ చేతులు పట్టుకుని నెమ్మదిగా లేచాడు.

"బాగా చేశావు," అన్నాడు. "నా కుంటి నడక ఇంత బాగా నాకు కూడా రాదు."

వెళ్ళిపోయాడు. ఎడమ కాలు ఒక్క క్షణం ఆలస్యంగా, బొటనవేలు నేలని రాస్తూ. ఆమెకి అప్పుడర్థమైంది. ఇన్నాళ్ళూ అతను తన ముందు కూర్చునే ఉన్నాడు, లేదా నిలబడే ఉన్నాడు. నడిచి వెళ్ళడం తను ఎప్పుడూ చూడలేదు. అందరికంటే ముందు వచ్చేవాడు, అందరూ వెళ్ళాక లేచేవాడు.

మర్నాడు అతను రాలేదు. ఆ మర్నాడూ రాలేదు. మూడో రోజు షూటింగ్ త్వరగా అయిపోతే అడ్రసు కనుక్కుని వెళ్ళింది.

తలుపు తీసింది అతని అక్క. కళ్ళజోడు, చేతిలో ఎర్ర పెన్ను, చంకలో జవాబు పత్రాల కట్ట. స్కూల్లో లెక్కల టీచరు.

"నువ్వేనా పిచ్చుకవి?" అంది. "రా. వాడు డాక్టర్ దగ్గరికి వెళ్ళాడు. కూర్చో, అరగంట పడుతుంది."

"అక్కా, నేను కావాలని వెక్కిరించలేదు. నాకు తెలియదు. నటన అనుకున్నాను."

"లోకమంతా అలాగే అనుకుందమ్మా," అంది అక్క.

అప్పుడు చెప్పింది. ఆ చివరి నడక మూడు టేకులు చేశారట. రెండో టేకులో కప్పు కూలేటప్పుడు, అట్ట ముక్కలతో పాటు చట్రం తాలూకు దూలం ఒకటి ఊడి వీపు మీద పడిందట. లోపల ఉన్న మనిషి చెప్పలేదు. చెబితే సెట్ మళ్ళీ వేయాలి, రెండు వారాలు పోతాయి. మూడో టేక్ అలాగే నడిచాడు. సినిమాలో ఉన్నది ఆ మూడోదే.

"జనం ఏడ్చింది నిజం నొప్పికి," అంది అక్క. "వెన్నులో నరం నలిగింది. నాలుగేళ్ళుగా కొంచెం కొంచెంగా కాలు పోతోంది. ఇప్పుడు రెండోది కూడా మొదలైంది. ఆపరేషన్ చెయ్యాలంటున్నారు. చేస్తే నిలబడొచ్చు, మొత్తానికే పడిపోవచ్చు. సగం సగం. నేను లెక్కల టీచర్నే, కానీ ఆ సగం నాకు లెక్కకి రావడం లేదు."

అతను వచ్చేసరికి పిచ్చుక ఆ ఇంటి మెట్ల మీద కూర్చుని ఉంది. ముక్కు ఎర్రగా ఉంది. అతను మెట్టు మెట్టుకీ ఆగుతూ ఎక్కి, రెండు మెట్లు కింద కూర్చున్నాడు. మొదటిసారి ఆమె ముందు దాచుకోకుండా నడిచాడు.

"అక్క చెప్పేసిందా?"

"చెప్పింది."

"తనకి క్లాసులో గొంతు ఎక్కువ, ఇంట్లో నోరు ఎక్కువ."

"మాస్టారూ, నన్ను క్షమించండి."

"నువ్వేం చేశావు? నాలుగేళ్ళలో నా నడకని సరిగ్గా చూసినదానివి నువ్వొక్కదానివే. అది తట్టుకోలేకపోయాను."

కాసేపు ఇద్దరూ వీధిలో సైకిళ్ళు చూస్తూ కూర్చున్నారు. తర్వాత ఆమె అనేసింది. ముందుగా ఏమీ అనుకోలేదు.

"మీరంటే నాకిష్టం. స్పాంజికి కాదు, నాకు."

 అతను ఆమె వైపు చూడకుండానే జవాబు చెప్పాడు.

"సినిమా లోహిని ఇప్పటికీ ఎందుకు తలుచుకుంటారో తెలుసా? వెళ్ళిపోయాడు కాబట్టి. ఎవరికీ భారం కాకుండా, ఒక్క మాట లేకుండా వెళ్ళిపోయాడు. నీ లోహిని చూడు. ప్రతి వారం ఉంటాడు, గిన్నెలు తోముతాడు. వాడి కోసం ఎవరూ ఏడవరు."

"ఏడిపించడం గొప్పా?"

"నేను వెళ్ళిపోతే నీకు రెండు నెలలు ఏడుపు. ఉంటే జన్మంతా."

పిచ్చుకకి కోపం వచ్చింది. "సినిమా లోహికి ఏం పోయింది మాస్టారూ. రెండు గంటల్లో దీపం ఆర్పుకున్నాడు, పేరు తెచ్చుకున్నాడు. ఆ గనిలోంచి బయటపడ్డవాళ్ళు మర్నాడు పొద్దున్న ఎలా లేచారో ఎవరైనా చూపించారా? మా లోహికి ఆ వీలు లేదు. చెయ్యి ఊడినా వచ్చే వారం ఉండాలి. మాట పడినా ఉండాలి. వెళ్ళడానికేముంది, ఎవరైనా వెళ్తారు. ఉండటమే కష్టం."

అతను నవ్వబోయి మానేశాడు. "డైలాగ్ రైటర్ పక్కన కూర్చుని చెడిపోయావు."

"ఆపరేషన్ ఎప్పుడో నాతో చెప్పి వెళ్ళండి. ఇంకేమీ అడగను."

"చెబుతాను," అన్నాడు.

చెప్పలేదు.

పది రోజుల తర్వాత ఒక సోమవారం ఆమె వేషం తొడుక్కుంటుంటే మోకాళ్ళ దగ్గర మెత్తగా తగిలింది. కొత్త పట్టీలు కుట్టి ఉన్నాయి. ఎప్పుడు వేశావని కాస్ట్యూమ్ బాబాయ్‌ని అడిగింది.

"శనివారం మాస్టారు వచ్చి దగ్గరుండి వేయించాడమ్మా. అక్కడ నీకు ఒరుసుకుపోతోందట కదా. నీకు చెప్పలేదా? వేరే ఊళ్ళో ఆపరేషన్‌ట. ఆ సాయంత్రమే అక్కా తమ్ముడూ బయల్దేరారు."

లోహి తల పెట్టేశారు. జిప్పు లాగేశారు. ఆ తల లోపల ఏడిస్తే తుడుచుకునే దారి లేదు. కన్నీళ్ళు చెంపల మీంచి గడ్డం దాకా వెళ్ళి, అక్కడ స్పాంజిలో ఇంకిపోయాయి. జాలీ అంతా మసకబారింది. ఎక్కడ ఆగాలో నేల మీద గీసిన చాక్‌పీస్ గీతలు కనబడక, కాళ్ళతో తడుముకుంటూ నడిచింది.

"బ్రహ్మాండం," అన్నాడు డైరెక్టర్ మైకులో. "ఇవాళ లోహి నడకలో ఏదో ఉంది. అదే ఉంచు."

తొమ్మిదో రోజున అక్క ఫోన్ చేసింది.

"ప్రాణానికి భయం లేదన్నారు."

"కాళ్ళు?"

అవతల తలుపు దగ్గరికేసిన చప్పుడు వినబడింది. "నడుము కింద ఏమీ తెలియడం లేదమ్మా. వాపు తగ్గాక చూద్దామంటున్నారు. నీకు చెప్పొద్దని ఒట్టు పెట్టించుకున్నాడు. నా వల్ల కాలేదు."

నెల తర్వాత ఇంటికి తీసుకొచ్చారు. మొదటి ఆదివారం మధ్యాహ్నమే పిచ్చుక వెళ్ళింది. లోపలి గది తలుపు మూసి ఉంది. అక్క వెళ్ళి మాట్లాడి వచ్చి, తల అడ్డంగా ఊపింది.

"చూడనంటున్నాడు."

"పర్వాలేదక్కా. నేను మిమ్మల్ని చూడ్డానికి వచ్చాననుకోండి."

హాల్లో కూర్చుని ఇద్దరూ కూరగాయలు తరిగారు. సాయంత్రం వెళ్ళిపోయింది. రెండో ఆదివారం అక్కకి జవాబు పత్రాల మార్కులు కూడిపెట్టింది. మూడు చోట్ల తప్పు కూడితే అక్క ఆమెకే సున్నా వేసింది. మూడో ఆదివారం ఏ పనీ లేక ఊరికే కూర్చుంది. తలుపు తెరుచుకోలేదు. ఇంటికి వెళ్ళే బస్సులో కిటికీ వైపు తిరిగి ఏడ్చింది. ఇక రాకూడదనుకుంది కూడా.

నాలుగో ఆదివారం మళ్ళీ వచ్చింది. అక్క బజారుకి వెళ్ళింది. హాల్లో ఒక్కతే ఉంది. లోపలినుంచి గొంతు వినిపించింది, చాలా రోజులుగా వాడని గొంతు.

"మొన్నటి ఎపిసోడ్‌లో మెట్లు దిగేటప్పుడు వేళ్ళు ముందు వేశావు."

ఆమె కదలకుండా కూర్చుంది. కదిలితే ఆ గొంతు ఆగిపోతుందేమోనని భయం.

"డైరెక్టర్ తొందరపెట్టాడు," అంది.

"డైరెక్టర్ తొందరపడొచ్చు. లోహి పడకూడదు."

"చెప్పడానికి మాస్టారు లేరు అక్కడ."

లోపల మంచం కిర్రుమంది. 

"తల వంచడం ఎందుకు మానేశావు? ఐదు వారాలుగా చూస్తున్నాను. ఒక్కసారి కూడా వంచలేదు. జనం ఉత్తరాలు రాస్తున్నారట కదా."

"చూడ్డానికి అక్కడ ఎవరున్నారని."

మళ్ళీ మంచం కిర్రుమంది.

"నీది జాలి," అన్నాడు.

"జాలైతే ఒక ఆదివారం పళ్ళు పట్టుకొచ్చి, మంచి మాటలు రెండు చెప్పి మానేసేదాన్ని. నాకున్నది కోపం. చెబుతానని చెప్పకుండా వెళ్ళావు. నా మోకాళ్ళకి పట్టీలు కుట్టించడానికి నీకు టైముంది, నా ముఖం చూసి వెళ్తున్నానని చెప్పడానికి లేదా?"

'మీరు' ఎప్పుడు 'నువ్వు' అయిందో ఆమెకి తెలియదు. అతను గమనించాడు.

"తిట్టాలనుకుంటే లోపలికొచ్చి తిట్టు. తలుపు గడియ వేసి లేదు."

"ఎప్పట్నుంచి?"

"మొదటి రోజు నుంచీ. లేచి గడియ వేయడానికి నాకు కాళ్ళేవి?"

ఆమె తలుపు మీద చెయ్యి వేసి ఆగింది. "నువ్వు రమ్మంటేనే వస్తాను."

"రా," అన్నాడు. ఆ ఒక్క అక్షరం సగంలో విరిగిపోయింది.

లోపలికి వెళ్ళింది. మంచం మీద దిండుకి ఆనుకుని ఉన్నాడు. ముఖం సగమైపోయింది. దుప్పటి కింద కాళ్ళు ఎవరివో తెచ్చి అక్కడ పెట్టినట్టు కదలకుండా ఉన్నాయి. తిట్టడానికి వచ్చిన మనిషి మంచం పట్టె మీద కూర్చుని, అతని చెయ్యి రెండు చేతులతో పట్టుకుంది.  బజారు నుంచి వచ్చిన అక్క తెరిచి ఉన్న తలుపు చూసి, సంచీ వంటింట్లో పెట్టి, కుళాయి తిప్పి వదిలేసింది. నీళ్ళ చప్పుడులో ఆవిడ ఎంతసేపు ఏడ్చిందో వాళ్ళకి తెలియదు.

ఆపరేషన్ అయిన మూడో నెల చివర ముగ్గురూ డాక్టరు దగ్గరికి వెళ్ళారు. డాక్టరు ఎక్స్‌రే ఫిల్ములు వెలుతురుకి పెట్టి చూశాడు, సూదితో అరికాళ్ళు గుచ్చాడు, మళ్ళీ ఫిల్ములు చూశాడు. మంచివాడు. తిప్పి తిప్పి చెప్పలేదు.

"కాళ్ళు ఇక రావు. వస్తాయని ఎదురుచూస్తూ కూర్చోకండి. చేతులతో, చక్రాల కుర్చీతో అన్నీ చేసుకోవడం నేర్పే చోటుంది. ఆరు వారాలు అక్కడుండాలి. తోడు ఒక మనిషి కావాలి, పగలంతా."

అక్క ఏదో అడిగింది. డాక్టరు ఏదో చెప్పాడు. పిచ్చుక అతని వైపే చూస్తోంది. నడకనే బతుకు చేసుకున్న మనిషి, తన కాళ్ళ గురించి వేరే ఎవరి గురించో వింటున్నట్టు విన్నాడు. థాంక్స్ అని కూడా అన్నాడు. వసారాలోకి వచ్చాక మాత్రం కుర్చీ చక్రం మీద వేసిన చెయ్యి అలాగే ఉండిపోయింది. తోయలేదు.

నర్సు ఫారం పట్టుకుని వచ్చింది. "తోడు ఎవరుంటారు?"

"నాకు పరీక్షల డ్యూటీ," అని అక్క నసిగింది.

"నేనుంటాను," అంది పిచ్చుక. సీరియల్ మొదటి భాగం ముందు వారమే అయిపోయింది. రెండో భాగానికి రెండు నెలల టైముంది.

నర్సు ఆమె పేరు రాసుకుంది. పక్క గడి దగ్గర పెన్ను ఆగింది. "పేషెంట్‌కి ఏమవుతారు?"

పిచ్చుక నోరు తెరిచింది. ఫ్రెండ్ అనబోయింది.

"నేనింకా అడగలేదండీ," అన్నాడతను.

"ఏమిటీ?"

"ఏమవుతావని తనని ఇంకా అడగలేదు. ఒక్క నిమిషం ఇస్తే అడుగుతాను."

నర్సు ముగ్గురినీ మార్చి మార్చి చూసింది. "అడగండి. తొందరగా అడగండి, కౌంటర్ మూసేస్తారు."

అతను కుర్చీ ఆమె వైపు తిప్పబోయాడు. ఇంకా చేతకాలేదు. ఒక చక్రం గోడకి కొట్టుకుంది. పిచ్చుక సాయం చేయబోయి ఆగిపోయింది. అతను వెనక్కి లాగి, మళ్ళీ తిప్పి, ఆమెకి ఎదురుగా వచ్చి ఆగాడు. ఆ కొంచెం దూరానికే చెమట పట్టింది.

"డాక్టరు చెప్పింది విన్నావుగా."

"విన్నాను."

"రేపు బాగవుతుందని అబద్ధం కూడా చెప్పలేను."

"చెప్పొద్దు."

"నాకు చాలా భయంగా ఉంది. నువ్వు పక్కనున్నా భయంగానే ఉంటుంది." ఈసారి ఆమె ముఖంలోకే చూస్తున్నాడు.  "అయినా ఉండు. నాతో ఉండిపో."

ఆమె నర్సు చేతిలోంచి పెన్నూ ఫారమూ తీసుకుంది. "ఏం రాయను? నువ్వే చెప్పు."

"భార్య అని రాయి."

"ముందు 'కాబోయే' అని పెట్టు," అంది అక్క వెనకనుంచి. "ఫారంలో తప్పు రాయకూడదు." కళ్ళజోడు తీసి పైటతో తుడుచుకుంది. మళ్ళీ పెట్టుకుంది, మళ్ళీ తీసింది. "ఇంకో మాట. ఇవాళ్టి నుంచి నన్ను అక్కా అనకు. వదినా అను."

పిచ్చుక నవ్వింది. నవ్వు మధ్యలోనే ఏడుపు తన్నుకొచ్చింది. డాక్టరు గదిలో రాని ఏడుపు, బస్సు కిటికీ దగ్గర మిగిలిపోయిన ఏడుపు, అంతా ఒక్కసారే వచ్చింది. ఒంగి అతని భుజం మీద ముఖం పెట్టుకుంది. అతను ఒక చేత్తో ఆమె వీపు నిమురుతూ, రెండో చేత్తో ఆమె పట్టుకున్న ఫారం నలిగిపోకుండా మెల్లగా విడిపించి పెన్నుతో సహా నర్సుకి ఇచ్చాడు.

నర్సు దాన్ని కిటికీ గట్టు మీద పెట్టుకుని, ఆ గడిలో రాయాల్సింది తనే రాసింది. ఆ తర్వాత మిగిలిన గడులు కూడా ఒక్కొక్కటే, వాళ్ళని ఏమీ అడగకుండా, తనకి తెలిసినంతవరకు నింపుతూ నిలబడింది.